జీరో పవర్ అద్దాలు

మా ఊళ్ళో సైటు లేకుండానే కళ్ళజోడు పెట్టుకున్న మొదటి మనిషిని నేను. ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది గానీ, అప్పట్లో మా వీధిలో అది పెద్ద కబురు.

మాది గుంటూరు పక్కన మిరప, పత్తి పండించే పల్లె. నాన్న వ్యవసాయం. అమ్మ ఇంటి పని చూసుకుని, మిగిలిన పొద్దంతా నాన్నతో పాటు చేలోనే ఉండేది. నేను గుంటూరులో డిగ్రీ చదివి, ఒక కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మంగళగిరిలో ఒక ఆఫీసులో చేరాను. మా ఊరి ఆడపిల్లల్లో టీచర్లయినవాళ్ళున్నారు, నర్సులయినవాళ్ళున్నారు. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగానికి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళింది నేనే మొదలు.

పని ఏమిటంటే, ఎక్కడెక్కడి పాత పుస్తకాలనో ఫోటో తీసినట్టు తీసి మా ఆఫీసుకు పంపేవాళ్ళు. మానిటర్ మీద పై సగంలో ఆ పుట కనిపిస్తుంటే, కింది సగంలో ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా మేం టైపు చేయాలి. అంతా ఇంగ్లీషే. నాన్నకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, మిర్చి యార్డులో కలిసినవాళ్ళతో మాత్రం, "మా అమ్మాయి కంప్యూటర్ మీద పుస్తకాలు రాస్తది" అనేవాడు. నేను రాయడం లేదు నాన్నా, చూసి కొడుతున్నాను అంటే, "చూసి రాసినా రాయటమేగా" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మెడ కాస్త నిటారుగా ఉండేది.

నాకూ గర్వంగానే ఉండేది. మా ఆఫీసు మూడో అంతస్తులో. ఒకే పెద్ద హాలు. వరసల్లో బల్లలు, ఒక్కో బల్ల మీద పెట్టెలాంటి మానిటర్. అప్పటి మానిటర్లు ఇప్పటిలా పలకల్లా ఉండేవి కావు. వెనక పెద్ద బొజ్జ, ముందు ఉబ్బెత్తు గాజు. హాలుకు ఒక పక్కంతా కిటికీలు. ఆ కిటికీల్లోంచి మంగళగిరి కొండ కనిపించేది. నేను కిటికీలకు వీపు పెట్టి కూర్చునేదాన్ని కాబట్టి, మధ్యాహ్నం దాటాక ఎండ పడ్డ కొండ నా మానిటర్ గాజులో కనిపించేది. అక్షరాల మీద కొండ, కొండ మీద అక్షరాలు. వాటిని విడదీసుకుంటూ టైపు చేసేదాన్ని.

మొదటి నెల హుషారులో గడిచిపోయింది. తర్వాత మొదలైంది. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడేవి. రెప్పల కింద ఇసుక పోసినట్టుండేది. బస్సులో కళ్ళు మూసుకుంటే నీళ్ళు కారేవి. ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటే నిద్ర రాదు. కళ్ళు మూసుకున్నా ఎదురుగా తెల్లటి వెలుగు, అందులో బారులు బారులుగా అక్షరాలు. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా, ఒళ్ళు బరువుగా ఉండేది. అలాగే బస్సెక్కేదాన్ని.

ఒక ఆదివారం అమ్మ నా తలకు నూనె పెడుతూ కళ్ళలోకి చూసింది.

"ఏందే ఈ కళ్ళు? మిరపకాయలు తొక్కినదానిలా?"

చెప్పాను. దాచే ఉద్దేశం నాకు లేదు. అయితే చెప్పగానే అమ్మ చేతిలో నూనె గిన్నె కింద పెట్టేసింది.

"మానెయ్. ఆ ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు. కళ్ళు పోగొట్టుకుని ఎవర్ని ఉద్ధరించాలంట? రేపు సైటొచ్చి కళ్ళజోడు పెట్టారంటే సంబంధాలు చూసేవాళ్ళు ఏమంటారో తెలుసా నీకు?"

నాన్న అరుగు మీద కూర్చుని పురుగుమందు కొట్టే డబ్బా గొట్టం బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"మిరపకాయల ఘాటుకి కళ్ళు మండాయని పంట మానుకున్నామా మనం? గుడ్డ కట్టుకుని కోస్తున్నాం. కల్లంలో గాలి ఎటు వీస్తుందో చూసుకుని కూర్చుంటున్నాం. దీనికీ ఏదో దారి ఉండకపోదు. డాక్టర్ని అడిగొద్దాం."

"అడిగి?"

"ఆయన మానమంటే మానేద్దాం. చెప్పకముందే మనం ఎందుకు మానాలి?"

అమ్మ మళ్ళీ నూనె గిన్నె అందుకుంది. అలా అని ఒప్పుకోనూ లేదు.

మర్నాడు సెలవు పెట్టి నాన్నతో గుంటూరు వెళ్ళాను. కళ్ళ డాక్టరు గారు పెద్దాయన. అక్షరాల బోర్డు చదివించారు, లైటు వేసి చూశారు. తర్వాత గోడకు తగిలించిన కేలెండరు చూపించి, "నువ్వు కంప్యూటర్‌ని ఎలా చూస్తావో దాన్నలా చూడమ్మా" అన్నారు. నేను కాస్త ముందుకు వంగి చూస్తూ కూర్చున్నాను. ఆయన నాన్న వైపు తిరిగారు.

"చూశారా, రెప్ప వేయటం మర్చిపోయింది."

నిజమే. ఆ మాట వినేదాకా నాకు తెలియలేదు.

"చూపుకి ఏమీ కాలేదండి. సైటు లేదు" అన్నారాయన. "రెప్ప వేయక కళ్ళు ఎండిపోతున్నాయి. పైగా గాజు మీద పడే వెలుతురొకటి. గంటకోసారి లేచి దూరంగా చూడాలి. మానిటర్ కళ్ళకంటే కాస్త కిందికి ఉండాలి, కిటికీ వెలుతురు దాని మీద పడకూడదు. ఇంటికెళ్ళాక టీవీ చూస్తావా?"

"నేను చూడనండి. కానీ నేను పడుకునే గదిలోనే టీవీ ఉంటుంది."

"నిద్రపోయే ముందు ఒకటి రెండు గంటలు ఏ తెర వెలుగూ కళ్ళల్లో పడకుండా చూసుకో."

"కళ్ళజోడు అక్కర్లేదా డాక్టర్ గారూ?" నాన్న అడిగాడు. ఆ గొంతులో కాస్త ఆశాభంగం ఉందని నాకు అనిపించింది. ఏదో ఒక సాధనం చేతికిస్తారని వచ్చాడాయన.

డాక్టరు గారు నవ్వారు. "కంప్యూటర్ పనికి లేత పసుపు అద్దాలని వస్తున్నాయి. పవర్ ఉండదు. తెర వెలుగులో నీలం పాలు ఎక్కువ, అది ఈ అద్దంలో కాస్త తగ్గుతుందంటారు. మందేమీ కాదు. కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి తేడా తెలియదు. పెట్టుకుంటే నష్టం లేదు. కానీ నేను ముందు చెప్పినవి మానేసి ఇదొక్కటే పెట్టుకుంటే లాభం కూడా లేదు."

కళ్ళద్దాల షాపులో నాన్న నాకంటే ముందు ఆ అద్దాల్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. పొద్దు వాలే వేళ చేను కనిపించినట్టు కనిపిస్తోందన్నాడు. ఫ్రేము కూడా ఆయనే ఏరాడు. సన్నటిది చూపిస్తే వద్దని, గట్టిగా ఉన్న గోధుమ రంగుది తీసుకున్నాడు.

ఊళ్ళో బస్సు దిగేటప్పుడు కూడా నేనవి తీయలేదు. తీసి సంచిలో పెట్టుకోవచ్చు. ఎందుకో తీయాలనిపించలేదు. టీ కొట్టు దగ్గర నాన్న తోటి రైతు ఒకాయన కేకేశాడు.

"ఏరా, అమ్మాయికి సైటొచ్చిందా?"

"సైటు కాదురా. జీరో పవరు."

"పవరు లేనప్పుడు అద్దాలెందుకు? సోకా?"

"నువ్వు చేనుకి మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటావు గదా, సోకుకేనా?" అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా మీద కాకుండా ఆయన వైపు తిరిగింది. అమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నన్ను రెండు మూడు సార్లు తేరిపార చూసి, "పరవాలేదులే, లెక్చరరమ్మలాగున్నావు" అంది.

ఆఫీసులో నవ్వులు ఇంకో రకంగా ఉండేవి. పచ్చకామెర్లు వచ్చాయా అని ఒకరు, హీరోయిన్ వచ్చిందని ఒకరు. నేను పట్టించుకోలేదు. అద్దాలు పెట్టుకుంటే తెల్లటి వెలుగు కాస్త మెత్తబడినట్టు ఉండేది. ఆ తెలుపు ముల్లులా గుచ్చేది కాదు. అయితే మధ్యాహ్నం కొండ మాత్రం అలాగే గాజులోకి వచ్చి కూర్చునేది. డాక్టరు గారు చెప్పిందే నిజం. ఈ అద్దాలొక్కటే చాలవు.

ఒకరోజు భోజనాల దగ్గర నా పక్క సీటు అమ్మాయి మెల్లగా అడిగింది. ఆమెది మంగళగిరే. వాళ్ళ ఇంట్లో మగ్గం ఉంది, నాన్న చీరలు నేస్తాడు.

"ఆ అద్దాలు ఒక్కసారి ఇస్తావా?"

ఇచ్చాను. పెట్టుకుని కిటికీ వైపు, గోడ వైపు చూసింది. తీసి ఇస్తూ, "నాకూ కళ్ళు మండుతున్నాయే. చెప్తే తీసేస్తారని చెప్పలేదు" అంది.

ఆ మాట విని ఎదురుగా కూర్చున్న ఇంకో అమ్మాయి చెంచా ఆపేసింది. తనకు రోజూ తలనొప్పి అంది. ఇంకొకామె, నిద్ర పట్టక తెల్లారి కళ్ళు తెరవలేకపోతున్నాను అంది. బల్ల చుట్టూ ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. అన్నాళ్ళూ ప్రతి ఒక్కరూ ఆ బాధ తమ ఒక్కరిదే అనుకున్నారు. నా మొహం మీద పసుపు అద్దాలు కనిపిస్తున్నాయి కాబట్టి అడగడానికి ఒక మనిషి దొరికింది, అంతే.

"సార్‌ని అడుగుదాం" అన్నాను.

"నువ్వే అడుగు" అన్నారు అందరూ ఒకేసారి.

మేనేజరు గారు చెడ్డవారు కాదు. కోపం త్వరగా వచ్చే మనిషి. ఆయన గదిలో ఆయన మానిటర్‌కు మాత్రం ముందు నల్లటి గాజు తెర తగిలించి ఉండేది, మెరుపు తగలకుండా. నేను లోపలికి వెళ్ళి విషయం చెప్పగానే పెన్ను పక్కన పెట్టారు.

"చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే కంప్లైంటా అమ్మా?"

నా మాట తడబడలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది.

"కంప్లైంటు కాదు సార్. భోజనాలయ్యాక ఒక్కసారి నా సీట్లో కూర్చుని ఒక పుట టైపు చేసి చూడండి. ఇబ్బంది లేదని మీకనిపిస్తే నేనిక అడగను."

ఆయన ఇలా అడుగుతారని అనుకోలేదు కాబోలు. "సరే, వస్తాను" అన్నారు.

వచ్చారు. హాలంతా చేతులు ఆపి చూస్తోంది. ఆయన నా కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టారు. ఆయన టైపింగు వేగంగానే ఉండేది. నాలుగు వరసలు అయ్యాక తల పక్కకు వంచారు. ఇంకాసేపటికి గాజుకు అరచేయి అడ్డం పెట్టి పై పుటను చదివారు. ఒక చేత్తో అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో కొడుతూ పోయారు. సగం పుటలో ఆగిపోయి వెనక్కి తిరిగి కిటికీలోంచి కొండను చూశారు.

"ఇలాగే చేస్తున్నారా రోజూ?"

"అవును సార్."

"తప్పులు పోతున్నాయని పై ఆఫీసు నుంచి నన్ను తిడుతున్నారు. నేను మిమ్మల్ని తిడుతున్నాను" అన్నారు, ఎవరితోనో కాదు, తనతో తనే అన్నట్టు. తర్వాత లేచి నిలబడ్డారు. "కర్టెన్లు కావాలంటే పైనుంచి పర్మిషన్ రావాలమ్మా. టైం పడుతుంది."

అప్పుడు మా మగ్గం ఇంటి అమ్మాయి పక్క సీట్లోంచి లేచింది. అంతకు ముందు ఆమె ఆ హాల్లో గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు.

"బట్ట మా నాన్న నేస్తాడు సార్. చిక్కటి ముదురు రంగు బట్ట. మీరు సరేనంటే ఇవ్వాళే చెప్తాను."

మేనేజరు గారు సరేనన్నారు.

ఆ బట్ట వచ్చేసరికి కొన్నాళ్ళు పట్టింది. ఈలోపు ఒక శనివారం మధ్యాహ్నం పని ఆపి, మేమే బల్లలన్నీ తిప్పాం. మానిటర్లు అంత బరువని అంతకు ముందు తెలియదు. ఒక్కోదాన్ని ఇద్దరం పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని దించాం. కిటికీలు వీపు వెనక కాకుండా పక్కకు వచ్చేలా వరసలు మార్చాం. ఎత్తుగా ఉన్న మానిటర్ల కింది నుంచి చెక్క పీటలు తీసేశాం. మేనేజరు గారు చొక్కా చేతులు మడిచి వైర్లు విప్పారు. సోమవారం నుంచి గంటకోసారి అందరం లేచి నిలబడి, కాసేపు కిటికీలోంచి కొండను చూడాలని ఆయనే చెప్పారు. తర్వాత కర్టెన్లు వచ్చాయి. ముదురు ఆకుపచ్చ, అంచులో సన్నటి జరీ గీత. ఆఫీసు కర్టెన్లకు జరీ ఏమిటని మేనేజరు గారు అడిగితే, "మా నాన్న అంచు లేకుండా నేయలేడు సార్" అంది ఆ అమ్మాయి. ఆ కర్టెన్లు కిటికీలకు కడుతున్నప్పుడు ఆమె మొహం చూడాలి. మా అందరికంటే పొడుగ్గా కనిపించింది ఆ రోజు.

ఇంట్లో టీవీ సంగతి మిగిలిపోయింది. అమ్మకు సాయంత్రం సీరియల్ ప్రాణం. డాక్టరు గారు చెప్పిన మాట నాన్నకు గుర్తుంది కానీ అమ్మతో అనే ధైర్యం లేదు. నేనూ అడగలేదు. ఒకరోజు ఇంటికొచ్చేసరికి టీవీ మీద గుడ్డ కప్పి ఉంది.

"పాడైందా అమ్మా?"

"నిక్షేపంలా ఉంది. నువ్వు పడుకునే వేళకి ఆ వెలుగెందుకని." అమ్మ పప్పు తిరగమోత వేస్తూ అంది. "సీరియల్ ఎక్కడికి పోద్ది? పక్కింటావిడ పొద్దున్నే చెప్పుద్దిగా కథంతా. అది చూసిన దానికంటే ఎక్కువే చెప్పుద్ది."

ఉద్యోగం మానేయమన్న మనిషి, ఆ ఉద్యోగం నేను బాగా చేసుకోవాలని తన సీరియల్ మానుకుంది. ఆ వారంలోనే నాకు నిద్ర తిరిగొచ్చింది. పడుకోగానే వచ్చే నిద్ర, చిన్నప్పుడు చేలో ఆడి ఆడి వచ్చాక పట్టేలాంటి నిద్ర. అది పసుపు అద్దాల వల్లా, కర్టెన్ల వల్లా, టీవీ మీద కప్పిన గుడ్డ వల్లా అంటే, విడదీసి చెప్పలేను. అన్నీ కలిశాయి. అద్దాలు మాత్రం మానలేదు. ఒకసారి అలవాటయ్యాక అవి లేకుండా మానిటర్ ముందు కూర్చుంటే తలకు గుడ్డ లేకుండా ఎండలోకి వెళ్ళినట్టుండేది.

తప్పులున్నాయని తిరిగొచ్చే పుటలు తగ్గిపోయాయి. పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి హాలంతా చూసి, ఇంకో ఊళ్ళో ఉన్న తమ ఆఫీసులోనూ బల్లలు ఇలాగే తిప్పించారు. మేనేజరు గారు ఆయనకు నన్ను చూపించి, "ఈ అమ్మాయి నన్ను తన సీట్లో కూర్చోబెట్టింది సార్" అన్నారు. మా బ్యాచిలో చాలామంది ఒక ఆదివారం కలిసి గుంటూరు వెళ్ళి పసుపు అద్దాలు చేయించుకున్నారు. హీరోయిన్ వచ్చిందన్న అమ్మాయి కూడా వచ్చింది. ఆమె ఎర్ర ఫ్రేము తీసుకుంది.

మిరపకాయలు యార్డులో వేసిన ఒక రోజు నాన్న మా ఆఫీసుకొచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గరే విప్పేశాడు, వద్దన్నా వినకుండా. నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు. నా అద్దాలు తీసి ఆయన చేతికిచ్చాను. పెట్టుకుని మానిటర్ చూశాడు, తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"వెలుగు చల్లగా ఉందమ్మాయ్" అన్నాడు. అక్షరాలు ఆయనకు తెలియవు. వెలుగు తెలుసు.

రెండేళ్ళకు కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పే బాధ్యత నాకిచ్చారు. మొదటి పూట నేను టైపింగు నేర్పేదాన్ని కాదు. ఎలా కూర్చోవాలో, రెప్ప వేయడం ఎలా గుర్తు పెట్టుకోవాలో, ఇంట్లో ఏ వేళకు టీవీ ఆపాలో చెప్పేదాన్ని. పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఉండేవాళ్ళు. నవ్వేవాళ్ళు మొదట్లో. నెల తిరిగేసరికి వాళ్ళే పక్కవాళ్ళకు చెప్పేవాళ్ళు.

ఒకసారి కనిగిరి వైపు నుంచి ఒక అమ్మాయి ఎంపికైంది. చేరే రోజున ఆమెతో పాటు వాళ్ళమ్మ కూడా వచ్చింది. నేత చీర, చేతిలో సంచి, తెల్లారకుండా బస్సెక్కి వచ్చిన అలసట. హాల్లోకి అడుగు పెట్టగానే నన్నే నేరుగా అడిగింది.

"మా పిల్లకి కళ్ళు పోతాయంట గదమ్మా ఈ పని చేస్తే? మా ఊళ్ళో అందరూ అదే అంటన్నారు."

ఆ అమ్మాయి సిగ్గుతో నేల చూపులు చూస్తోంది. నేను ఆ తల్లిని కుర్చీలో కూర్చోబెట్టాను. మానిటర్ ఎక్కడుందో, వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూపించాను. నా అద్దాలు ఇచ్చి పెట్టుకోమన్నాను. గంటకోసారి అందరూ లేస్తారని చెప్పాను. సరిగ్గా అప్పుడే ఆ వేళ అయింది. హాలంతా కుర్చీలు జరిపి లేచి కిటికీల దగ్గరికి నడిచారు. ఆమె కూడా లేచి వాళ్ళతో పాటు వెళ్ళి కొండను చూసింది. కొండ మీది దేవుడికి అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుంది.

"నువ్వెంత కాలం నించి చేస్తన్నావమ్మా?"

"నాలుగో ఏడు నడుస్తోందండి."

"ఏదీ, ఇటు చూడు."

గడ్డం పట్టుకుని నా మొహాన్ని వెలుతురుకు తిప్పింది. మా అమ్మ చూసినట్టే, దగ్గరగా, అనుమానంగా నా కళ్ళలోకి చూసింది. నేను రెప్ప వేశాను. ఆమె గడ్డం వదిలేసి కూతురి వైపు తిరిగింది.

"తెల్లగానే ఉన్నయ్యే. కూర్చో" అంది.

ఆ అమ్మాయి కూర్చుంది. తల్లి సంచిలోంచి టిఫిను డబ్బా తీసి బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆ అమ్మాయి ఒక పుట పూర్తి చేసింది. నేను దాన్ని పై నుంచి కింది దాకా సరిచూశాను. ఒక్క తప్పు కూడా లేదు.